1088లో పుట్టిందంటున్న బొలోన్యా విశ్వవిద్యాలయానికి 1563 దాకా సొంత భవనం ఎందుకు లేదు?

మీరు రెండు విషయాలు అడిగారు. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో మొదలైతే, దాని పాత భవనమని చూపించే ఆర్కిజిన్నాజియో 1563 నాటిది ఎలా అయింది, ఆ మధ్య 475 ఏళ్లు పాఠాలు ఎక్కడ జరిగాయి అన్నది మొదటిది. ఒక రోజు సమయం ఉంటే అక్కడ ఏమేం చూడాలి, ఎలా చూడాలి అన్నది రెండోది. మొదటిది తెలిస్తే రెండోది తేలికవుతుంది కాబట్టి ఆ వరసలోనే చెబుతాను.

1088లో ఎవరూ శాసనం ఇవ్వలేదు, శంకుస్థాపనా జరగలేదు. 1888లో ఎనిమిది వందల ఏళ్ల ఉత్సవం చేయాలనుకున్నప్పుడు కవి జొజుయే కార్దుచ్చి ఆధ్వర్యంలోని కమిటీ నిర్ణయించిన సంవత్సరం అది. అసలు జరిగింది నెమ్మదిగా జరిగింది. 11వ శతాబ్దం చివర, 12వ శతాబ్దం మొదట్లో ఇర్నేరియో అనే పండితుడు జస్టీనియన్ చక్రవర్తి కాలపు రోమన్ న్యాయగ్రంథాలను వాక్యం వాక్యంగా విడదీసి, అంచుల్లో వ్యాఖ్య రాస్తూ బోధించాడు. 1140 ప్రాంతంలో గ్రేషియన్ అనే ఆయన చర్చి చట్టాలన్నిటినీ ఒక సంపుటంగా కూర్చాడు. రాజుల కొలువులకీ చర్చి కొలువులకీ కావలసిన రెండు చట్టాలూ ఒకే ఊళ్లో దొరకడంతో ఆల్ప్స్ పర్వతాల అవతలి నుంచి కూడా జనం వచ్చారు. వీళ్లు పిల్లలు కారు. చాలామంది అప్పటికే చర్చిలోనో కొలువులోనో పదవి ఉన్న పెద్దవాళ్లు, డబ్బున్నవాళ్లు.

అయితే పరాయి ఊళ్లో వాళ్లకి చట్టం అండ లేదు. ఒక జర్మన్ అప్పు ఎగ్గొట్టి పారిపోతే, ఆ అప్పు ఊళ్లో ఉన్న ఇంకో జర్మన్ దగ్గర వసూలు చేసే పద్ధతి అప్పట్లో ఉండేది. ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి 1150ల్లో ఇచ్చిన 'హబీతా' శాసనం సరిగ్గా దీన్నే నిషేధించింది. చదువు కోసం తిరిగేవాళ్లకి దారిలో రక్షణ ఇచ్చింది. వాళ్ల మీద వ్యాజ్యం వస్తే సొంత గురువు దగ్గరో బిషప్పు దగ్గరో విచారణ జరగాలంది. అది చాలక, విద్యార్థులు తమ తమ ప్రాంతాలవారీగా సంఘాలు కట్టుకున్నారు. ఆల్ప్స్‌కి ఇవతలివాళ్లది ఒక సంఘం, అవతలివాళ్లది మరొకటి. ఆ సంఘానికే 'యూనివర్సిటాస్' అని పేరు. బొలోన్యా పౌరులైన విద్యార్థులకు నగర రక్షణ ఎలాగూ ఉంది కాబట్టి వాళ్లకి ఇందులో చోటు లేదు. గురువులకీ లేదు.

ఈ సంఘమే తన రెక్టర్‌ని, అంటే అధిపతిని, ఎన్నుకునేది. రెక్టర్ విద్యార్థే. గురువులు అతనికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాలి. సంఘం నిబంధనల ప్రకారం గంట కొట్టాక ఆలస్యంగా మొదలుపెట్టినా, ముగింపు గంట తర్వాత సాగదీసినా గురువుకి జరిమానా. పాఠానికి కనీసం ఐదుగురు రాకపోతే ఆయన గైర్హాజరైనట్టే లెక్క. పుస్తకాన్ని భాగాలుగా విడగొట్టి, ఏ తేదీకల్లా ఏ భాగం పూర్తవాలో ముందే నిర్ణయించేవాళ్లు. కష్టమైన చోటు దాటేసి ముందుకెళ్లినా జరిమానాయే. ఇందుకోసం గురువు ముందుగా కొంత సొమ్ము డిపాజిట్ కట్టాలి, జరిమానాలు అందులోంచి కోసుకునేవాళ్లు.

పుస్తకాల ఏర్పాటు కూడా అంతే పకడ్బందీగా ఉండేది. అచ్చు యంత్రం లేని రోజుల్లో ఒక న్యాయగ్రంథం ప్రతి తయారవడానికి నెలలు పట్టేది. అందుకని అధికారిక ప్రతిని 'పేచియా' అనే చిన్న కట్టలుగా విడదీసి అద్దెకిచ్చేవాళ్లు. ఒక్కో పేచియా 16 కాలమ్‌లు, కాలమ్‌కి 62 వరసలు, వరసకి 32 అక్షరాలు అని కొలత. ఒకరు మూడో కట్ట రాసుకుంటుంటే ఇంకొకరు నాలుగోది రాసుకోవచ్చు. ప్రతిలో తప్పులుంటే దుకాణదారుకి జరిమానా వేసే తనిఖీదార్లని కూడా విద్యార్థులే ఎన్నుకునేవాళ్లు.

ఇప్పుడు మీ ప్రశ్నకి అసలు జవాబు. ఈ సంఘానికి భవనం లేకపోవడం లోటు కాదు, బలం. నగరంతో తగువొస్తే వీళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే: మూటాముల్లే సర్దుకుని వేరే ఊరికి పోవడం. పోతే ఇళ్ల అద్దెలు, వడ్డీలు, తిండి వ్యాపారం అన్నీ పడిపోతాయి. ఆస్తి లేనివాడికి కదలడం సులువు. 1222లో ఇలా కదిలిన గురువులు, విద్యార్థులతోనే పాదువా విశ్వవిద్యాలయం పుట్టింది. 1321లో ఒక యువతిని ఎత్తుకుపోయాడన్న నేరం మీద నగరం ఒక విద్యార్థికి మరణశిక్ష అమలు చేస్తే, పెద్ద గుంపు సియెనాకి వెళ్లిపోయింది. నగరం కూడా ఊరుకోలేదు. బొలోన్యా విడిచి ఇంకెక్కడా పాఠాలు చెప్పబోమని గురువుల చేత 12వ శతాబ్దం చివరినుంచే ప్రమాణాలు చేయించుకుంది. తర్వాత జీతాలు తానే ఇవ్వడం మొదలుపెట్టింది. జీతం నగరానిదయ్యాక గురువు మీద విద్యార్థుల పట్టు సడలింది. ఆ పట్టు పూర్తిగా పోయాకే ఆర్కిజిన్నాజియో లేచింది.

అంతవరకూ పాఠాలు గురువుల ఇళ్లలో, అద్దె గదుల్లో జరిగేవి. పెద్ద సభలకు మఠాల హాళ్లు, చర్చిలు వాడుకునేవాళ్లు. పట్టా మాత్రం సాన్ పియెత్రో ప్రధాన చర్చిలో ఇచ్చేవాళ్లు. బోధనాధికారం ఆర్చిడీకన్ (బిషప్పు కింది చర్చి అధికారి) అనుమతితోనే ఇవ్వాలని 1219లో పోప్ మూడో హొనోరియస్ ఆదేశించాడు.

కాబట్టి 1563కి ముందు విశ్వవిద్యాలయాన్ని చూడాలంటే ఊరిని చూడాలి. ముందుగా వసారాలు. వీధి పొడవునా ఇళ్ల ముందు స్తంభాలమీద నిలబడి, పైన గదులు, కింద జనం నడిచే దారి ఉండే ఈ వసారాలు ఊరంతా కలిపి 62 కిలోమీటర్లు, పాత నగరంలోనే 38. జనాభా పెరిగి, వేలమంది విద్యార్థులకు గదులు కావలసి వచ్చినప్పుడు ఇంటివాళ్లు పై అంతస్తును వీధి మీదికి దూలాలతో ముందుకు చాచారు. చాపు ఎక్కువయ్యేసరికి దూలం కొస వంగుతుంది, కింద కర్ర నిలబెట్టాలి. కర్రల వరసే వసారా అయింది. చాలా నగరాలు ఇలాంటివాటిని ఆక్రమణలని కూలగొట్టించాయి. బొలోన్యా 1288లో దీనికి విరుద్ధంగా వెళ్లింది: వసారా తప్పనిసరి, నేల యజమానిదే, మరమ్మతు ఖర్చూ అతనిదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. ఎత్తు కనీసం 7 బొలోన్యా అడుగులు ఉండాలి. ఒక బొలోన్యా అడుగు 38 సెంటీమీటర్లు కాబట్టి అది సుమారు 2.66 మీటర్లు. గుర్రం మీద మనిషి దాటిపోవడానికి ఆ ఎత్తు కావాలి.

కర్రస్తంభాలతో చిక్కు రెండు విధాలు: అగ్గి, తడి. నేలకి ఆనే మొదలు భాగం ముందు కుళ్లుతుంది. అందుకే మిగిలిన పాత కర్రస్తంభాల కింద రాతి దిమ్మ కనిపిస్తుంది. 1568లో కర్ర తీసేసి ఇటుకతోనో రాయితోనో కట్టుకోమని ఆజ్ఞ వచ్చింది. స్ట్రాదా మజ్జోరే వీధిలో కాసా ఇజొలాని ఇంటి ముందు 13వ శతాబ్దపు ఓక్ కర్రలు, దాదాపు 9 మీటర్ల ఎత్తువి, ఇంకా నిలబడి ఉన్నాయి. ఇటుక వసారాల దగ్గర తల పైకెత్తి చూడండి. చాలాచోట్ల స్తంభం నుంచి గోడకి ఇనప కడ్డీ బిగించి ఉంటుంది. కమాను పక్కకి తోస్తుంది. వరసలో ఉన్న పక్క కమాను ఆ తోపుని ఎదుర్కొంటుంది. వీధి వైపు తోపుని ఆపేవాడు లేడు కనుక ఆ పని కడ్డీ చేస్తుంది. వరస చివర మూల స్తంభం మిగతావాటికంటే లావుగా ఉండటానికి కారణం కూడా ఈ తోపే.

ఇటుక ఇంతగా కనబడటానికి కారణం నేల. బొలోన్యా నదీ మైదానం అంచున ఉంది. దగ్గరలో మంచి కట్టుడు రాయి లేదు. కొండల్లో దొరికేవి మెత్తటి ఇసుకరాయి, సెలెనైట్ అనే జిప్సం రాయి. ఇసుకరాయి చెక్కడానికి బాగుంటుంది గానీ, నేల తడితో పైకెక్కిన ఉప్పు లోపల గట్టిపడి పొరలు పొరలుగా ఊడగొడుతుంది. సెలెనైట్ నీటికి కొద్దికొద్దిగా కరుగుతుంది. 48 మీటర్ల వాలు గోపురం గరిసెందా అడుగున ఉన్నది ఈ రాయే. 2023 అక్టోబరులో దాని చుట్టూ దారి మూసేయవలసి రావడానికి ఆ పునాది భాగం దెబ్బతినడం ముఖ్య కారణం.

రెండోది, గురువుల సమాధులు. సాన్ ఫ్రాంచెస్కో, సాన్ దొమెనికో చర్చిల బయట, స్తంభాల మీద నిలబెట్టి, పిరమిడ్ ఆకారపు కప్పు వేసిన 13వ శతాబ్దపు కట్టడాలు కనిపిస్తాయి. రోమన్ చట్టానికి ప్రామాణిక వ్యాఖ్య కూర్చిన అక్కూర్సియోది, అతని సమకాలికుడు ఒదొఫ్రేదోది సాన్ ఫ్రాంచెస్కో దగ్గర ఉన్నాయి. న్యాయం చెప్పే పంతుళ్లకి నడివీధిలో ఇంత ఎత్తు గోరీలు కట్టిన ఊరు ఆ చదువుని ఎంత గౌరవించిందో వాటిని చూస్తే తెలుస్తుంది. వీటిని వదిలేసి నేరుగా ఆర్కిజిన్నాజియోకి పరుగెత్తేవాళ్లే ఎక్కువ, అది నాకు బాధగా ఉంటుంది.

మూడోది స్పెయిన్ కళాశాల. కార్డినల్ అల్బొర్నోజ్ 1364లో రాసిన వీలునామా డబ్బుతో, మత్తేయో గట్టపోనే అనే శిల్పి 1365-67 మధ్య కట్టాడు. చతురస్రపు ముంగిలి, చుట్టూ రెండంతస్తుల కమాను వసారా, వెనక చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం. స్పెయిన్ విద్యార్థుల కోసం ఇప్పటికీ అదే పని చేస్తోంది. విద్యార్థులు ఉండటానికే ప్రత్యేకంగా కట్టిన ఇళ్లలో ఇంత పాతది, ఇంత చెక్కుచెదరనిది అరుదు. లోపలికి మామూలుగా అనుమతి ఉండదు, బయటినుంచి చూడవచ్చు.

ఇక ఆర్కిజిన్నాజియో. 1506లో పోప్ రెండో జూలియస్ బొలోన్యాని స్వాధీనం చేసుకున్నాక ఊరు రోమ్ ప్రతినిధి చేతిలోకి వెళ్లింది. 1560ల్లో ఆ ప్రతినిధి కార్డినల్ కార్లో బొర్రోమేయో. ఊళ్లో ఉండి పని నడిపించింది ఆయన సహాయకుడు పియర్ దొనాతో చేసి. ఊరంతా చెదిరి ఉన్న న్యాయ తరగతుల్నీ, వైద్యం, తత్వం, గణితం చెప్పే 'కళల' తరగతుల్నీ ఒకే కప్పు కిందికి తేవాలని నిర్ణయించారు. తెర్రిబీలియా అని పిలిచే అంతోనియో మొరాందికి పని అప్పగించారు. 1562లో మొదలై 1563 అక్టోబరు 21న ప్రారంభమైంది. ఆ కాలానికి ఇది చాలా వేగం. ఆ మరుసటి ఏడాదే పోప్ నాలుగో పయస్, పట్టా పుచ్చుకునేవాళ్లు కాథలిక్ విశ్వాసం ప్రకటించాలని ఆజ్ఞ ఇచ్చాడు. కాథలిక్ చర్చిని ఎదిరించిన లూథర్ బోధలు జర్మన్ విద్యార్థుల వెంట వస్తున్న కాలమది. ఒక్క ద్వారం, ఒక్క ముంగిలి ఉంటే ఎవరొస్తున్నారో, ఏం చెబుతున్నారో కనిపెట్టడం తేలిక.

పక్కనే ఉన్న సాన్ పెట్రోనియో చర్చిని పోప్ కావాలనే కుదించాడని, రోమ్‌లోని సెయింట్ పీటర్స్‌ని మించిపోకుండా అడ్డంగా ఈ భవనం కట్టించాడని గైడ్లు చెబుతారు. ఇందులో స్థలం సంగతి నిజం. 1390లో మొదలైన ఆ చర్చిని ఇంకా పెద్దదిగా, అడ్డ భుజాలతో శిలువ ఆకారంలో చేయాలని 16వ శతాబ్దంలో నమూనా ఉంది, తూర్పు భుజం రావలసిన చోటే ఆర్కిజిన్నాజియో నిలబడింది. ఇప్పుడు చర్చి 132 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పుతో ఆగిపోయింది. కానీ అసూయ ఒక్కటే కారణమనడం సరికాదని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయాన్ని ఒక చోట బిగించాలన్న అవసరం సొంతంగానే చాలినంత బలమైన కారణం.

భవనం ముందు వసారా 139 మీటర్లు, 30 కమానులు. కింద దుకాణాలు. ముంగిలికి చుట్టూ రెండంతస్తుల వసారా. పైకి రెండు మెట్ల దారులు: ఒకటి న్యాయ విద్యార్థులకి, ఒకటి కళల విద్యార్థులకి. ఒకే కప్పు కిందికి తెచ్చినా రెండు వర్గాల మధ్య దూరం అలాగే ఉంచారు. పైన పది తరగతి గదులు, రెండు కొసల్లో రెండు పెద్ద హాళ్లు. కళల హాలు ఇప్పుడు గ్రంథాలయం చదువుగది. న్యాయ హాలుని స్తాబాత్ మాతెర్ హాలు అంటారు. రొస్సీని సంగీత రచన స్తాబాత్ మాతెర్‌ని ఇటలీలో మొదటిసారి 1842లో ఇక్కడే, దొనిజెత్తి నిర్వహణలో వినిపించారు.

గోడలనిండా, మెట్ల కప్పులమీద, కమానుల లోపలి వైపు సుమారు ఆరు వేల వంశచిహ్నాలు ఉంటాయి. ప్రతి విద్యార్థీ తన చిహ్నం వేయించుకున్నాడన్నది పొరపాటు. ఎక్కువభాగం తమ ప్రాంత సంఘం తరఫున ఆ ఏడాదికి ఎన్నికైన ప్రతినిధులవి. గారతో చెక్కిన పెద్ద చట్రాలు గురువుల గౌరవార్థం కట్టినవి. చదివే పద్ధతి ఇది: ముందు పెద్ద ఫలకం మీద సంవత్సరం, రెక్టర్ పేరు చూడండి. తర్వాత చుట్టూ ఉన్న చిన్న కవచాల కింద పేరు, ఊరు చూడండి. ఒకే ఏడాదికి చెందినవి గుంపుగా ఉంటాయి. పోలండ్, జర్మనీ, స్పెయిన్, సిసిలీ ఒకే గోడ మీద కనిపిస్తాయి. వాళ్ల సంఘం చేతిలోంచి అధికారం జారిపోయిన కాలంలోనే ఆ సంఘం పేర్లు ఇంత ఘనంగా గోడకెక్కాయి. ఆ గోడ ముందు నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

శరీర విచ్ఛేదన శాల, తెయాత్రో అనతోమికో, పైఅంతస్తులో ఉంది. లెవాంతి అని పేరున్న అంతోనియో పవోలుచ్చి 1637లో రూపకల్పన చేశాడు. గది మొత్తం ఫర్ కలప పలకలు. మధ్యలో పాలరాతి బల్ల, చుట్టూ మెట్టుమెట్టుగా బల్లలు, పైకప్పులో అపోలో, రాశుల బొమ్మలు. గోడ గూళ్లలో ప్రాచీన గ్రీకు వైద్యులు హిప్పోక్రటిస్, గేలెన్‌లతో పాటు బొలోన్యా వైద్యులు కొలువున్నారు. వాళ్లలో ఒకరు మొందీనో. 1316లో రాసిన తన గ్రంథంలో ముందు పొట్ట, తర్వాత ఛాతీ, తర్వాత తల, చివర కాళ్లూ చేతులూ అని వరస పెట్టాడు. చల్లబరిచే సాధనం లేదు కాబట్టి ముందు కుళ్లేది ముందు చూడాలి. బహిరంగ విచ్ఛేదనలు చలికాలంలో, కార్నివాల్ రోజుల్లో పెట్టడానికీ కారణం ఇదే. ఇంకొక బొమ్మ చేతిలో ముక్కు పట్టుకుని ఉంటుంది. అతను గాస్పరే తల్యాకొజ్జి, 1597లో ముక్కు పునర్నిర్మాణం మీద పుస్తకం అచ్చువేశాడు. అతను చేతి చర్మం వాడాడు, అందుకోసం రోగి చెయ్యిని వారాల తరబడి ముఖానికి కట్టి ఉంచాలి. మన దేశంలో వైద్యులు నుదుటి చర్మం తిప్పి అతికేవాళ్లు. ఆ పద్ధతి 1794లో లండన్ పత్రికలో వచ్చాక యూరప్ దాన్నే పట్టుకుంది.

గురువు ఆసనం మీది కప్పుని మోసే చర్మం ఒలిచిన రెండు మనుషుల బొమ్మలు ఎర్కొలే లెల్లీ 1730ల్లో లిండెన్ కలపలో చెక్కినవి. కండరాలు ఒక్కొక్కటిగా సరిగ్గా ఉంటాయి, దగ్గరగా నిలబడి చూడండి. పైన కూర్చున్న స్త్రీమూర్తికి రెక్కల పసివాడు పువ్వుకి బదులు తొడ ఎముక అందిస్తుంటాడు. ఇదంతా 1944 జనవరి 29న మిత్రదళాల బాంబుదాడిలో కూలిపోయింది. శిథిలాల్లో దొరికిన కలప ముక్కల్ని, బొమ్మల్ని ఏరి, యుద్ధం తర్వాత మళ్లీ కట్టారు. కింద ముంగిలిలోని బుల్గరీ చాపెల్ కూడా ఆ దాడిలోనే దెబ్బతింది.

ఇక్కడినుంచి సాన్ పెట్రోనియోకి వెళ్లండి. విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చెప్పిన కస్సీనీ 1655లో ఎడమ పక్క నేలమీద వేసిన మధ్యాహ్న రేఖ 66.8 మీటర్లు. ఇది భూమి చుట్టుకొలతలో ఆరు లక్షలవ వంతు. కప్పులో 27.07 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న రంధ్రం గుండా సూర్యబింబం నేలమీద పడుతుంది. జూన్ చివర రంధ్రం కిందినుంచి దాదాపు 10 మీటర్ల దగ్గర చిన్న బిళ్లగా, డిసెంబరు చివర రేఖ అవతలి కొసన పొడుగ్గా సాగి కనిపిస్తుంది. ఆ బింబం సైజు ఏడాది పొడవునా కొలిచి, సూర్యుడి దూరం మారే తీరు కెప్లర్ చెప్పినట్టే ఉందని కస్సీనీ తేల్చాడు.

ఇక్కడ అందరూ చేసే తప్పు గడియారంలో పన్నెండింటికి వెళ్లడం. బొలోన్యా 11.3 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉంది. అక్కడి గడియారం మాత్రం 15 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడి మధ్యాహ్నం సగటున 15 నిమిషాలు ఆలస్యం. ఋతువుతో వచ్చే తేడా కలిపితే నవంబరు మొదట్లో 11.58కి, ఫిబ్రవరి మధ్యలో 12.29కి బింబం రేఖ దాటుతుంది. గడియారాన్ని గంట ముందుకు జరిపి ఉంచే వేసవి నెలల్లో గంట కలపాలి, జులై చివర 1.21 అవుతుంది. పది నిమిషాల ముందు చేరండి. మబ్బుంటే ఏమీ కనిపించదు.

సాయంత్రం జాంబోని వీధి 33 నంబరుకి వెళ్లండి. అది పలాజ్జో పోజ్జి, ఇప్పటి విశ్వవిద్యాలయ కేంద్రం. 16వ శతాబ్దంలో పోజ్జి కుటుంబం కట్టుకున్న ఇల్లు. మర్సీలి స్థాపించిన శాస్త్ర సంస్థ కోసం 1711లో నగరం కొన్నది. 1803లో విశ్వవిద్యాలయం ఆర్కిజిన్నాజియో విడిచి ఇక్కడికి వచ్చింది. ఖాళీ అయిన పాత భవనం 1838 నుంచి పురపాలక గ్రంథాలయం. పోజ్జిలో అన్నా మొరాంది తయారుచేసిన మైనపు శరీర నమూనాలు తప్పక చూడండి. 1732లో పట్టా పొంది, 1776లో ప్రయోగ భౌతికశాస్త్ర ఆచార్య పదవి చేపట్టిన లౌరా బస్సీ కూడా ఈ సంస్థ మనిషే. పైన 1726లో పూర్తయిన ఖగోళ వేధశాల గోపురం ఉంది, దాన్ని విడిగా, గైడుతో చూపిస్తారు. ముందే సమయం బుక్ చేసుకోండి.